నీరు త్రాగని యింజను

రైలుబండి యనగానే మన మనస్సునకు ముందుగా తోచునది దాని ఇంజను ముఖము. ఆవిరి కాలమునాటి ముఖము గుండ్రనిది. నడుమ దీపము, పైన పొగగొట్టము, ఇరుప్రక్కల బుసలుకొట్టు ఆవిరి. నేటి విద్యుత్తు ఇంజను ముఖము అద్దములు బిగించిన పెట్టెవలె నుండును. ఈ రెంటికిని నడుమ మఱియొక ముఖ ముండెను. ముందునకు వంగిన నున్నని ముక్కు, గాలిని చీల్చుటకై చెక్కినట్లుండు దేహము, ప్రక్కలను రంగుల చారలు గలిగిన డీజిలు ఇంజను అది. అది 1930 దశాబ్దమున ఉత్తర అమెరికాలో పుట్టి, 1948 మొదలు కెనడా దేశపు ప్రధానమార్గముల నలంకరించి, దాని దాయాది యొకటి 1957లో మన దేశమునకు వచ్చెను. ఆ ముఖమును గూర్చియు, దాని వెనుక దాగిన వస్తువును గూర్చియు, ఆ వస్తువు కొందరి జీవితముల నెట్లు మార్చెనో దానిని గూర్చియు మన పత్రిక చదువరులకు నాలుగు మాటలు విన్నవింపగోరుచున్నాను.

జల్‌పల్లికి పడమటగా, ఫలక్‌నుమా నుండి ఉందానగర్ మీదుగా మహబూబ్‌నగరమునకు పోవు రైలుమార్గము కలదు. నిజాము ప్రభుత్వకాలమున అది మీటరు గేజి మార్గముగా వేయబడెను. మా తాతగారు 1956లో రైల్వేలో చేరి, మొదట ఇంజనులు తుడుచు క్లీనరుగాను, పిదప ఫైర్మనుగాను ఆ మీటరు గేజి మార్గములమీద పనిచేసిరి. నాకు ఇంజనులమీద కలిగిన ఆసక్తికి పుస్తకములు కారణము కాదు, ఆయన మాటలే కారణము. ఆయన చదివినది నాలుగవ తరగతి వఱకే. అయినను ఇంజనులోని ప్రతి గొట్టమునకును ఆయనకు పేరు తెలియును.

ఆవిరి ఇంజనునకు బొగ్గుకన్న ముఖ్యమైనది నీరు. బొగ్గు కొంత తక్కువైన బండి మెల్లగా నడచును. నీరు తక్కువైనచో బాయిలరే పగులును. కావున ఆ మార్గములలో ముఖ్యమైన స్టేషనులందు ఎత్తయిన నీటితొట్టియు, ఏనుగు తొండమువలె వంగిన గొట్టమును ఉండెను. బండి ఆగినతోడనే ఫైర్మను బొగ్గుపెట్టె వెనుకకు ఎక్కి, ఆ తొండమును త్రిప్పి, నీరు నింపవలెను. మన దక్కను పీఠభూమి వాన తక్కువైన దేశము. ఇచ్చట చెరువులు త్రవ్వించినవారిని దేవతలవలె తలంచుట ఊరక కాదు. ఇబ్రహీంపట్నపు పెద్దచెరువును చూచినవారికి ఆ మాట తెలియును. వేసవిలో ఊరివారు కడవలతో నీటికై క్రోసులు నడచుచుండ, అదే నేలమీద ఇంజను ఒక్కొక్క మజిలీలో వేలకొలది గ్యాలనుల నీటిని ఆవిరిచేసి ఆకాశమునకు వదలుచుండెను. అంతియేగాక మన నేలలోని నీరు సున్నము గలది. అది బాయిలరు గొట్టములలో గారగా పేరుకొనును. ఆ గారను తొలగించుటకై ఇంజనును తఱచుగా పనినుండి తప్పించి, చల్లార్చి, కడుగవలసి వచ్చుచుండెను.

ఇక బొగ్గు విషయము. ఒక ప్రయాణమున టన్నులకొలది బొగ్గును పారతో ఎత్తి, మండుచున్న కొలిమి నోటిలోనికి విసరవలెను. విసరుట యనిన గుడ్డిగా వేయుట కాదు. ఏ మూల మంట పలుచబడెనో చూచి అచ్చటనే పడునట్లు వేయవలెను. తాతగారి కుడి మోచేతి క్రింద వెండ్రుకలు మొలచెడివి కావు. వేడికి ఆ చర్మము తోలువలె నయ్యెను. ఇంత కష్టపడినను, బొగ్గులోని శక్తిలో 100కి 6, 7 పాళ్లు మాత్రమే చక్రములకు చేరును. తక్కినదెల్ల పొగగొట్టము పాలు.

ఈ నష్టమును చూచియే జర్మనుడగు రుడాల్ఫు డీజిలు వేఱొక యంత్రమును తలపోసెను. 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున ఆయన యంత్రము జయప్రదముగా నడిచెను. దాని సూత్రము సులభమైనది. గాలిని గట్టిగా అదిమినచో అది వేడెక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టిన విద్యార్థులందరును పంపు అడుగు వేడెక్కుట ఎఱుగుదురు. డీజిలు యంత్రములో గాలిని ఇంకను ఎంతో గట్టిగా అదిమి, ఆ మండు గాలిలోనికి నూనెను సన్నని తుంపరగా చిమ్ముదురు. నిప్పురవ్వ లేకయే అది భగ్గుమని మండి ముషలకమును త్రోయును. కొలిమి లేదు, బాయిలరు లేదు. యంత్రమును చల్లార్చుటకు కొంత నీరు కావలసినను అది లోపలనే తిరుగుచుండునుగాని ఆవిరియై పోదు.

అయితే ఈ యంత్రమునకు ఒక లోపము కలదు. నిలిచిన బండిని కదల్చుటకు వలయు బలము ఆరంభమున అది ఈయలేదు. దానికి ఉపాయముగా డీజిలు యంత్రముచేత విద్యుత్తు పుట్టించి, ఆ విద్యుత్తుతో ఇరుసులమీది మోటార్లను త్రిప్పిరి. కావున మనము డీజిలు ఇంజను అని పిలుచునది నిజమునకు తన విద్యుత్తును తానే పుట్టించుకొనుచు, దానితో నడచు ఇంజను.

ఈ క్రొత్త ఇంజనునకు నున్నని ముఖ మెందులకు వచ్చెను? గాలి తేలికైనదని మన మనుకొందుము. కాని వేగము రెండింతలైనచో గాలి అడ్డు నాలుగింత లగును. 1933లో జర్మనీ దేశమున బెర్లిను, హాంబర్గుల నడుమ నున్నని ముక్కుగల డీజిలు బండి యొకటి నడిచెను. 1934లో అమెరికాలో బర్లింగ్టను రైల్వేవారు తళతళలాడు తుప్పుపట్టని ఉక్కుతో జెఫిరు అను బండిని చేయించిరి. ఆ సంవత్సరము మే 26వ తేదీన అది డెన్వరు నుండి షికాగో వఱకు గల 1,015 మైళ్లను 13 గంటల 5 నిమిషములలో దాటెను. ఆ కాలమున అమెరికా ఆర్థికమాంద్యముచే క్రుంగి యుండెను. రైల్వేలకు ప్రయాణికులు తగ్గిరి. ఆ మెఱయు ముఖమును చూచుటకు జనులు వేలకొలదిగా కూడిరి. నున్నదనము గాలికొఱకు కొంత, జనుల కన్నులకొఱకు కొంత అని చెప్పినచో తప్పుకాదు.

ఇప్పుడు కెనడా సంగతి చూతము. ఆ దేశము తూర్పు తీరమునుండి పడమటి తీరమునకు వేల మైళ్లు వ్యాపించినది. నడుమ ప్రెయిరీలను విశాలమైన గోధుమ మైదానములు కలవు. వింత యేమనగా, ఆ మైదానములందలి నీరును మన నీటివలెనే క్షారము గలదై బాయిలర్లను పాడుచేయుచుండెను. శీతకాలమున నీటితొట్లు గడ్డకట్టెడివి. కావున నీరు త్రాగని యింజను కెనడావారికి వేడుకకొఱకు కాక అవసరముకొఱకే కావలసివచ్చెను.

వారు తొందరగానే ప్రయత్నించిరి. 1925లో కెనడియన్ నేషనల్ రైల్వేవారి డీజిలు విద్యుత్ రైలుకారు, 15820వ సంఖ్య గలది, మాంట్రియలు నుండి వాంకూవరు వఱకు 2,937 మైళ్లను 67 గంటలలో పోయెను. త్రోవ పొడవునను దాని యంత్రము ఒక్కమాఱైనను ఆపబడలేదు. 1928లో వారు 9000 అను సంఖ్యతో జంట ఇంజనును చేయించిరి. ఒక్కొక్క సగమునకు 1,330 అశ్వబలము. ఉత్తర అమెరికాలో ప్రధానమార్గపు ప్రయాణికుల బండ్లకు పనికివచ్చిన పెద్ద డీజిలు ఇంజనులలో అది మొదటిది. దానికి నున్నని ముఖము లేదు. పెట్టెకు కిటికీలు పెట్టినట్లుండెను. అది కాలమునకు ముందుగా పుట్టిన బిడ్డ. యంత్రము మిక్కిలి బరువు, మరమ్మతులు ఎక్కువ. రెండవ ప్రపంచయుద్ధమున దానిలో సగమునకు మందపు ఇనుపరేకులు తొడిగి, పసిఫిక్ తీరమును కాచు కవచపు బండికి కట్టిరి. యుద్ధానంతరము ఆ జంటను విడగొట్టిరి.

నున్నని రూపము కెనడాలో డీజిలుకన్న ముందు ఆవిరి ఇంజనునకే వచ్చుట గమనింపదగినది. 1936లో కెనడియన్ నేషనల్ వారు 6400 మొదలు 6404 వఱకు గల అయిదు ఇంజనులను చేయించిరి. వాని ఆకారమును ఒట్టావాలోని జాతీయ పరిశోధనా మండలి వారి గాలిసొరంగములో చిన్న నమూనాలతో పరీక్షించిరి. వారి ముఖ్యోద్దేశము వేగముకాదు. పొగ డ్రైవరు కన్నులకు అడ్డురాక పైకి లేచిపోవలెనన్నదే. చూచితిరా! అందమని లోకము మెచ్చినదాని వెనుక ఒక పనివాని కంటిచూపును గూర్చిన ఆలోచన యుండెను.

1948లో కెనడియన్ నేషనల్ వారు ఎఫ్-3 అను తరగతి ఇంజనులను తెప్పించిరి. ఒక్కొక్కటి 1,500 అశ్వబలము. బొద్దు కుక్క మూతివంటి గుండ్రని ముక్కు, దానిపైన వెనుకకు వాలిన రెండు అద్దములు. దీనినే మనము బొమ్మలలో తఱచు చూతుము. 1949లో కెనడియన్ పసిఫిక్ వారు మాంట్రియలు నుండి అమెరికా వైపు పోవు బండ్లకు ఇ-8 అను మూడు ఇంజనులను కొనిరి. 1955 ఏప్రిలు 24వ తేదీన ఆ కంపెనీవారు 'ది కెనడియన్' అను బండిని ఆరంభించిరి. తుప్పుపట్టని ఉక్కుతో చేసిన 173 పెట్టెలు దానికొఱకు వచ్చెను. ముందు నున్నని ముక్కుగల డీజిలులు. మాంట్రియలు నుండి వాంకూవరునకు దాదాపు 71 గంటలు మాత్రమే పట్టెను. అంతకుముందు బండికన్న అది 16 గంటలు తక్కువ.

ఆ బండికి కట్టిన ఎఫ్.పి.-7 అను ఇంజనులో ఒక విచిత్రము కలదు. కెనడా చలిలో ప్రయాణికుల పెట్టెలను వెచ్చగా నుంచుటకు ఆవిరియే కావలసి యుండెను. కావున డీజిలు ఇంజనులో ఒక చిన్న బాయిలరు పెట్టి, దాని నీటికొఱకు ఇంజను దేహమును నాలుగు అడుగులు పొడిగించిరి. నీరు త్రాగని యింజను అని పేరుపొందినది ప్రయాణికుల చలి తీర్చుటకై మరల నీరు త్రాగవలసి వచ్చెను.

ఈ ఇంజనుల గొప్పతనము ముక్కులో లేదు. ఎక్కడ కలదని అడుగుదురేమో. ఒక ఇంజనులో కూర్చున్న డ్రైవరు తన వెనుక కట్టిన రెండు మూడు ఇంజనులను ఒకే పిడితో నడుపగలడు. తీగల ద్వారా అన్నిటికిని ఒకేసారి ఆజ్ఞ చేరును. ఆవిరి ఇంజనులు రెండు కట్టినచో రెండు జట్ల మనుష్యులు కావలెను. డీజిలులు నాలుగు కట్టినను ఒక్క జట్టు చాలును. ఈ కారణముచేతనే కొన్ని ఇంజనులకు ముక్కే పెట్టలేదు. డ్రైవరు గది లేని ఉత్త పెట్టెలుగా చేసి నడుమ కట్టిరి.

ముక్కుకు కాలము చెల్లుటకును పనియే కారణమయ్యెను. దేహమంతయు కప్పబడియున్నందున డ్రైవరునకు వెనుక ఏమి జరుగుచున్నదో కనబడదు. యార్డులో పెట్టెలు కలుపు మనుష్యుడు నిలుచుటకు చోటు లేదు. యంత్రమును బాగుచేయువాడు ఇఱుకు నడవలో దూరవలెను. సరకుబండ్ల వేగమునకు ఆ నున్నదనము లాభమును అంతగా ఈయలేదు. 1940 దశాబ్దము మొదలు అమెరికాలో, తరువాత కెనడాలో, ఇరుప్రక్కల నడవదారులును, తలుపులు తెఱచి యంత్రమును తాకగల సన్నని దేహమును గల ఇంజనులు వచ్చెను. అవి చూపునకు మొరటు, పనికి మేలు. పది పదునైదు సంవత్సరములలో నున్నని ముఖము క్రొత్తగా చేయుట చాలవఱకు నిలిచిపోయెను. వెలుపలి మెఱుగుచూచి లోపలి పదార్థమును నిర్ణయింపరాదని మన ఆదివారపు పాఠములలో నేర్చుకొన్నది ఇనుముపట్లను నిజమే.

అయితే ఇనుము కథ చెప్పి మనుష్యుల కథ విడిచినచో సగమే చెప్పినట్లగును. కొలిమి లేని ఇంజనులో ఫైర్మను ఏమి చేయును? ఈ ప్రశ్న కెనడాలో పెద్ద కలహమయ్యెను. సరకుబండ్లకును, యార్డు ఇంజనులకును ఇకమీదట ఫైర్మనులు అక్కరలేదని కెనడియన్ పసిఫిక్ వారనిరి. ఇంకొక జత కన్నులు లేనిచో ప్రమాదములు కలుగునని ఫైర్మనుల సంఘమువారనిరి. 1957 జనవరిలో వారు తొమ్మిది దినములు సమ్మెచేసిరి. ప్రభుత్వము న్యాయమూర్తి కెల్లాకు అధ్యక్షతను విచారణసంఘము నేర్పఱచెను. ఆ సంఘము కంపెనీవారి వాదమునే అంగీకరించెను. 1958 మే నెలలో ఫైర్మనులు మరల సమ్మెకు దిగిరిగాని, మూడు దినములలో అది ముగిసెను. 1960లో కెనడాలోని రెండు గొప్ప రైల్వేలును ఆవిరికి స్వస్తి చెప్పెను. మెఱయు బండి కిటికీలోనుండి కొండలను చూచువారికి ఈ కలహము కనబడి యుండదు.

మన దేశమున కథ వేఱుగా నడిచెను. స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే మనకును నున్నని ముక్కుగల ఇంజను వచ్చెను. అది డబ్ల్యు.పి. అను ఆవిరి ఇంజను. తుపాకిగుండువంటి గుండ్రని ముక్కు, దానిమీద నక్షత్రము. మొదటివి అమెరికానుండి వచ్చెను. పిమ్మట కెనడా కర్మాగారములును చేసి పంపెను. 1950 దశాబ్దమున కొలంబో పథకము క్రింద కెనడా నూఱుకు పైగా ఆవిరి ఇంజనులను మనకు సాయముగా నిచ్చెను. తమ దేశమున ఆవిరిని విడిచిపెట్టుచున్న దినములలో వారు మనకు ఆవిరి ఇంజనుల నిచ్చిరని కొందఱు నవ్వుదురు. కాని మనకు బొగ్గు పుష్కలము, నూనె కొఱత. ఆనాటికి అదియే తగిన సాయము. 1969లో ఆరంభమైన గోల్కొండ ఎక్స్‌ప్రెస్సును ఆవిరి ఇంజనులే లాగెను. దేశములో మిక్కిలి వేగము గల ఆవిరి బండిగా దానికి పేరు వచ్చెను.

1957లో అమెరికాలోని ఆల్కో కంపెనీనుండి డబ్ల్యు.డి.ఎం.-1 అను డీజిలులు రాసాగెను. మొత్తము 100. మొదటి అక్షరము బ్రాడు గేజికి, రెండవది డీజిలుకు, మూడవది ప్రయాణికుల బండికిని సరకుబండికిని రెంటికిని పనికివచ్చుటకు గుర్తు. దానికి ఒకవైపే డ్రైవరు గది, ఒకవైపే గుండ్రని ముక్కు. లోపల 251 అను పేరుగల యంత్రము, 12 సిలిండర్లు. అదే 251 యంత్రమును మాంట్రియలు కర్మాగారమువారు 1958, 1959 సంవత్సరములలో కెనడియన్ నేషనల్ వారి నున్నని ముక్కు ఇంజనులలో పెట్టిరి. సముద్రముల కావల గోధుమ మైదానములలో కొట్టుకొన్న గుండెయు, ఇచ్చట బొగ్గు, ఇనుపరాయి బండ్లను లాగిన గుండెయు ఒక్కటే.

డబ్ల్యు.డి.ఎం.-1లో ఒక చిక్కు కలదు. ఒకవైపే ముఖ మున్నందున ప్రయాణపు చివర ఇంజనును త్రిప్పవలెను. లేదా రెండింటిని వీపులు కలిపి కట్టవలెను. కావున 1962లో వచ్చిన డబ్ల్యు.డి.ఎం.-2లో నున్నని ముక్కు తీసివేసిరి. ఇరుప్రక్కల నడవదారులు, రెండు దిక్కులకు నడుపదగిన గది, 16 సిలిండర్లు, 2,600 అశ్వబలము. 1964 నుండి వారణాసిలోని కర్మాగారమున దీనిని మన పనివారే చేయసాగిరి. కాజీపేట, మౌలాలి, గుత్తి షెడ్లలో ఇవి వందలకొలదిగా బాగుచేయబడెను. మీటరు గేజికి వచ్చిన వై.డి.ఎం.-4 లోనిదియు అదే 251 కుటుంబపు యంత్రము, 6 సిలిండర్లది. వానిలో కొన్ని మాంట్రియలులో తయారై వచ్చెను. ఆల్కో కంపెనీ 1969లో మూతపడెను. దాని యంత్రము మాత్రము వారణాసిలో అటుపిమ్మట దశాబ్దముల తరబడి తయారగుచునే యుండెను. ముక్కు పోయెను, కంపెనీ పోయెను, గుండె నిలిచెను.

మా తాతగారికి ఈ మార్పు నలువదవ యేట ఎదురయ్యెను. కెనడాలో ఫైర్మనుకు ఏర్పడిన ప్రశ్నయే ఆయనకును ఏర్పడెను. కాని మన రైల్వేలలో ఇంజనుమీద రెండవ మనిషిని తీసివేయలేదు. ఫైర్మనులకు శిక్షణ యిచ్చి, డీజిలు అసిస్టెంటులుగా మార్చిరి. నాలుగవ తరగతి చదివిన ఆయన విద్యుత్తు పటములముందు కూర్చుండి, ఏ తీగ ఎక్కడికి పోవునో నేర్చుకొనవలసివచ్చెను. ఇంగ్లీషు అక్షరములను ఇంటిలో మా తండ్రిగారిచే చెప్పించుకొనెనట. తండ్రికి కొడుకు అక్షరాభ్యాసము చేసిన ఇల్లు మాది. శిక్షణ జరిగినచోట ఒక ఇంజను ప్రక్కను బిగించిన ఇత్తడిరేకుమీద మాంట్రియలు అను పేరును తానుగా కూడబలుకుకొని చదివితినని చెప్పునప్పుడు ఆయన మొగమున కలిగిన సంతోషము చూడదగినది.

అయినను ఆయన ఆ మార్పును పూర్తిగా మెచ్చలేదు. ఒకమాఱు నే నడిగినప్పుడు ఇట్లనెను: "బిడ్డా, పాత ఇంజను చెరువంత నీళ్లు తాగుతుండె, గుట్టంత బొగ్గు తింటుండె. గని నేను లేకుంటె కదలకపోతుండె. కొత్తది నీళ్లడగది, బొగ్గడగది, మనిషినీ అడగది. అద్దంల కూసుండి సిగ్నలు పిలుసుడే నా పని." నేను "సుఖమే కదా తాతా" యనగా, "పానానికి సుఖమే. చేతులకు పని లేకుంటె చేతులే నవ్వుతయి" అనెను.

ఈ మాటను నేను చాలదినములు తలపోసితిని. ఆయన చెప్పినది పాతది మేలనికాదు. కొలిమి వేడికి ఆయన స్నేహితులు పలువురు యౌవనముననే దగ్గుతో క్రుంగిరి. ఆ కష్టము పోవుట మేలే. ఆయన అడిగినది వేఱు. ఒక యంత్రము వచ్చి ఒక మనుష్యుని నేర్పును నిరుపయోగము చేసినప్పుడు, ఆ మనుష్యునికి ఏమి చెల్లింపవలెను? జీతము చెల్లించిరి, అది గొప్ప మేలు. కాని మంట రంగు చూచి బాయిలరు మనస్సు తెలిసికొను విద్యకు వెల కట్టువారెవ్వరు? ఫైర్మనులు మాత్రమేకాదు. బొగ్గు ఎత్తు కూలీలు, బూడిద తోడువారు, నీటితొట్ల పంపులు నడుపువారు, పట్టాల ప్రక్క సగము కాలిన బొగ్గు ఏరి ప్రొయ్యి రగిల్చుకొను పేదబాలికలు, వీరందఱును ఆ ఆవిరితో ముడివడి బ్రదికినవారే. పంపు నిలిచినతోడనే చిన్న స్టేషనులు కొన్ని మాట లేనివయ్యెను. క్రొత్త ఇంజను వారి నెవరిని అడిగి రాలేదు. దక్కను నీటిని మిగిల్చినదన్నది నిజము. ఆ మిగులులో వారికి భాగము పంచబడలేదన్నదియు నిజమే.

నేడు డీజిలునకును అదే కాలము వచ్చినది. మా తాతగారు పనిచేసిన మార్గము 1990 దశాబ్దమున బ్రాడు గేజిగా మార్చబడెను. సికింద్రాబాదు నుండి మహబూబ్‌నగరము వఱకు 85 కిలోమీటర్ల మార్గమును జంటలైనుగా చేసి విద్యుత్తు తీగలు వేసి, 2023 ఏప్రిలు 8వ తేదీన జాతికి అంకిత మొనర్చిరి. వారణాసి కర్మాగారము 2020లో పేరు సహితము మార్చుకొని, ముఖ్యముగా విద్యుత్తు ఇంజనులను చేయుచున్నది. డీజిలు యంత్రపు శబ్దము విని లోపము చెప్పగల మేస్త్రీలు, మన పాఠశాల పిల్లల తండ్రులలోను కొందఱు కలరు. ఒకనాడు మా తాతగారు నిలిచిన తావుననే నేడు వారు నిలిచియున్నారు. డబ్ల్యు.డి.ఎం.-1 తరగతిలోని ఇంజనొకటి ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాలలో దాచబడినది. ఇనుమును దాచుట సులభము. దానిని నడిపిన చేతుల విద్యను దాచుటకు ప్రదర్శనశాల లేదు. అడిగి తెలిసికొని వ్రాసిపెట్టుటయే మార్గము.

కావున విద్యార్థులారా, మీలో ఇంజనీర్లు కాగోరువారు పలువురు కలరు. మీరు క్రొత్త యంత్రమును చేయునప్పుడు దాని ముఖము అందముగా నుండుటను కోరుడు, తప్పులేదు. 6400 సంఖ్యగల ఇంజనును చేసినవారివలె, ఆ అందము నడుపువాని కంటికి మేలుచేయునట్లు చూడుడు. అంతకుమించి, మీ యంత్రము ఎవరి పనిని తీసికొనుచున్నదో ముందుగా వారి పేరు వ్రాసికొని, వారికి నేర్పుటకు వలయు దినములను మీ లెక్కలో చేర్చుడు. నలువదవ యేట కొడుకువద్ద అక్షరములు దిద్దిన తండ్రులు మన ఇండ్లలో ఇంకను ఉందురు. మీకు వచ్చిన విద్యను వారి ప్రక్కన కూర్చుండి చెప్పుటకు సంకోచింపకుడు. వారి విద్యను వారివద్ద నేర్చుకొనుటకును ఆలస్యము చేయకుడు.